గుర్రపువాతం - పరిశోధన ఎవరి కోసం?

మా కుసుమంచి ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్ళే రోడ్డు మీద ఉంది. ఊరి చుట్టూ అడవి లేదు. పాలేరు నీళ్ళు, వరి, మిరప చేలు ఉన్నాయి. కాని మిరపకాయలు ఏరే రోజుల్లో భద్రాచలం వైపు నుంచి, ఆ అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి కోయ కుటుంబాలు గుంపులుగా ఖమ్మం జిల్లా చేలకు వస్తాయి. పని ఉన్నన్నాళ్ళు చేల దగ్గరే గుడిసెలు వేసుకుని ఉంటాయి. అందుకని మా మహిళా సంఘం పనిలో చుట్టుపక్కల తండాల ఆడవాళ్ళూ కలుస్తారు, అడవి నుంచి వచ్చిన ఆడవాళ్ళూ కలుస్తారు. అలా కలిసిన ఒక అమ్మాయి వల్లనే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

కొన్నేళ్ళ కిందటి సంగతి. తండా నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ళ అమ్మాయి. తొలిచూలు. ఎనిమిదో నెల. మిరప చేనుకు కూలికి పోతూనే ఉంది. సంఘం మీటింగు అయిపోయాక నా దగ్గరకొచ్చి కాళ్ళు చూపించింది. "అక్కా, చెప్పులు పడ్తలేవు. పొద్దుగూకితే తలకాయ పగిలిపోతాంది" అంది. నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "తొలిచూలు గదా బిడ్డా, నీరు పడ్తది. ఉప్పు తగ్గించు, ఎండల తిరగకు" అన్నాను. ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది.

పది రోజుల తర్వాత ఒక రాత్రి చూపు మసకలైందని చెప్పి, కాసేపటికే కాళ్ళూ చేతులూ కొట్టుకుని నోట నురగ కక్కింది. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకున్నారు. మంత్రం వేసే ఆయన కోసం మనిషిని పంపారు. అక్కడ రెండు గంటలు పోయాయి. తర్వాత ఆటోలో ఒక దవాఖానకు, అక్కడి నుంచి ఇంకో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళారు. అమ్మాయి బతికింది. కడుపులో బిడ్డ బతకలేదు.

తర్వాత ఆమె మాతా శిశు రక్షణ కార్డు అడిగి తీసుకుని చూశాను. మూడు తేదీలకు ఎదురుగా బీపీ గళ్ళలో ఒకటే అంకె ఉంది: 110/70. "చేతికి పట్టీ చుట్టి చూసిండ్రా?" అని అడిగాను. "లేదక్కా. బరువు చూసిండ్రు, గోళీలు ఇచ్చిండ్రు" అంది.

అది ఏ తండానో, ఏ ఉపకేంద్రమో నేను రాయను. అక్కడ పనిచేసే ఒక ఆడమనిషిని దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఇద్దరి పని ఒకరి నెత్తిన వేసి, చెడిపోయిన మిషన్‌ను నెలల తరబడి బాగుచేయించకుండా, గళ్ళు మాత్రం నిండాలని పైనుంచి ఒత్తిడి చేస్తే గళ్ళే నిండుతాయి. కాని ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కార్డు అబద్ధం చెప్పింది సరే, నేను మాత్రం ఏం చేశాను? ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళ హక్కుల గురించి మాట్లాడే నేను, వాపు, తలనొప్పి కలిసి కనిపిస్తే బీపీ చూపించాలన్న ఒక్క ముక్క తెలుసుకోలేదు. పైగా ఉప్పు తగ్గించమని ఎందుకూ పనికిరాని సలహా ఇచ్చాను.

ఇంతకీ ఈ జబ్బు ఏమిటి? మన పెద్దవాళ్ళు దీన్ని గుర్రపువాతం అనేవారు. అయిదో నెల దాటాక, అంటే 20 వారాల తర్వాత, బీపీ 140/90 గాని అంతకంటే ఎక్కువ గాని అయి, దానితోపాటు మూత్రంలో ప్రోటీన్ పోవడమో, కాలేయం, మూత్రపిండాలు, రక్తం దెబ్బతింటున్న గుర్తులో కనిపిస్తే డాక్టర్లు ప్రీ ఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్లు వస్తే ఎక్లాంప్సియా. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, ముఖం, చేతులు ఉబ్బడం - ఇవి ప్రమాద సూచనలు. అయితే చాలామందికి ముందుగా ఏ బాధా తెలియదు. అందుకే బీపీ చూడాలి. కాన్పయ్యాక కూడా ఫిట్లు రావచ్చు, కాబట్టి పురిటి మంచం మీద ఉన్నప్పుడు కూడా చూడాలి. ప్రపంచంలో గర్భం, కాన్పు వల్ల జరిగే మరణాల్లో దాదాపు 14 శాతం అధిక రక్తపోటు వల్లనేనని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు లెక్కగట్టారు.

మూలం మాయలో ఉందని ఇప్పుడు తెలిసింది. గర్భం తొలి నెలల్లో మాయకు రక్తం తెచ్చే నాళాలు సరిగా వెడల్పు కాకపోతే, మాయ నుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి ఎక్కువగా విడుదలై ఒళ్ళంతా రక్తనాళాలను దెబ్బతీస్తాయి. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకుని అమెరికాలో పరిశోధన చేసిన డాక్టర్ అనంత్ కరుమంచి బృందం 2003లో అలాంటి ఒక పదార్థాన్ని గుర్తించింది. ఆ దారిలోనే రక్తపరీక్షలు వచ్చాయి. బీపీతో ఆస్పత్రిలో చేరిన గర్భిణుల్లో ఎవరికి రెండు వారాల్లో జబ్బు ముదురుతుందో చెప్పగల పరీక్షకు 2023లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మూడో నెలలోనే బీపీ, స్కానింగు, రక్తపరీక్ష కలిపి ప్రమాదం అంచనా వేసే పద్ధతులు కూడా వచ్చాయి.

ఇలాంటి వార్తలు చదివినప్పుడు సంతోషమే. కాని చేతికి పట్టీ చుట్టి బీపీ చూసే సాధనాన్ని ఇటలీ డాక్టరు రివా రొచ్చి తయారుచేసింది 1896లో. నూట పాతికేళ్ళు దాటింది. ఆ పట్టీయే మా తండా అమ్మాయి చేతిదాకా రానప్పుడు, ఈ కొత్త పరీక్షలు ఎప్పటికి, ఎవరి దాకా వస్తాయి?

ఇలా అడిగితే మన మిత్రులే కొందరు, "మళ్ళీ మన ఆడవాళ్ళ మీద ప్రయోగాలు కావాలంటావా?" అని నిలదీస్తారు. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్ ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను, అది ప్రయోగమని, దాని దుష్ఫలితాలేమిటని సరిగా చెప్పకుండా పేద స్త్రీలకు వేయబోతే హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన అడ్డుపడింది. 1986లో ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఈ ఉద్యమంలో ఉన్న మనందరికీ అది పాఠం.

ఆ తర్వాత పాతికేళ్ళకు మా జిల్లాలోనే మళ్ళీ జరిగింది. 2009 జులైలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ వయసు ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి వేశాయి. తిరుమలాయపాలెం మా పక్క మండలమే. చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాక, మహిళా సంఘాలు, ఆరోగ్య సంఘాలు నిలదీశాక, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణ కమిటీ ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం లేదంది. టీకా మంచిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేను దాన్ని కాదనడం లేదు. తప్పు జరిగింది అంగీకారం దగ్గర. చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. కన్నవాళ్ళను అడగకుండా పిల్లల తరఫున వార్డెన్ ఒప్పుకోవడమేమిటి?

కాబట్టి అనుమానం న్యాయమే. కాని అనుమానం దగ్గరే ఆగిపోతే మనకే నష్టమని నా అభిప్రాయం. గర్భనిరోధకాల విషయంలో మన ఒంటి మీద ప్రయోగాలు ఎక్కువయ్యాయి. గర్భిణుల ప్రాణాలు కాపాడే మందుల విషయంలో దీనికి సరిగ్గా తలకిందులు. ఏళ్ళ తరబడి పరిశోధనే జరగలేదు. ఫిట్లు వచ్చిన గర్భిణికి ఏ మందు ఇవ్వాలన్న దాని మీద ఒక్కో దేశంలో ఒక్కో అలవాటు ఉండేది. 1995లో గాని తొమ్మిది దేశాల్లో 1,687 మంది స్త్రీలను పరిశీలించి, మెగ్నీషియం సల్ఫేట్ మిగతా రెండు మందుల కంటే మెరుగని తేల్చలేదు. ఆ దేశాల్లో మనదీ ఉంది. 2002లో ఫలితాలు వెలువడిన మాగ్‌పై అనే పరిశోధన 33 దేశాల్లో 10 వేలకు పైగా గర్భిణులతో జరిగింది. ఫిట్లు రాకముందే ఈ మందు ఇస్తే వాటి ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని తేలింది. ఇది ఏ కంపెనీ గుత్తసొత్తూ కాదు. చాలా పాతది, చౌకది. అంత చౌక మందు మీద పరిశోధనకు లాభాల కోసం ఎవరు డబ్బు పెడతారు? అందుకే ఇంత ఆలస్యం.

మిగతా ఫలితాలు కూడా మనం తెలుసుకోవాలి. చిన్న మోతాదు ఆస్పిరిన్ మీద 9,364 మందితో జరిగి 1994లో వెలువడిన క్లాస్ప్ పరిశోధన పెద్ద ఆశ చూపించలేదు. తర్వాత, ప్రమాదం ఎక్కువున్నవాళ్ళను ముందే గుర్తించి 11 నుంచి 14 వారాల మధ్యే మొదలుపెట్టి చూశారు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం, నెలలు నిండకముందే కాన్పు చేయాల్సివచ్చే రకం జబ్బు మందు వాడనివాళ్ళలో 4.3 శాతం మందికి, వాడినవాళ్ళలో 1.6 శాతం మందికి వచ్చింది. కాల్షియం తక్కువ తినే ప్రాంతాల్లో గర్భిణులకు కాల్షియం ఇస్తే ఈ జబ్బు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది. 2014 నుంచి మన దేశంలో నాలుగో నెల నుంచి రోజుకు రెండు కాల్షియం గోళీలు ఇవ్వాలని నియమం ఉంది. బెంగళూరులో 11 వేలమంది గర్భిణులతో, టాంజానియాలో మరో 11 వేలమందితో జరిగి 2024లో వెలువడిన పరిశోధనలు, ఈ జబ్బు విషయంలో రోజుకు 500 మిల్లీగ్రాములైనా 1,500తో సమానంగా పనిచేస్తుందని తేల్చాయి. గోళీలు తక్కువైతే మింగడం తేలిక, సరఫరా తేలిక. విటమిన్ సి, ఇ ఇస్తే ఆగుతుందేమోనని మన దేశంలో కూడా చూశారు, 2009లో లాభం లేదని తేలింది. నాగపూర్‌లో రెండు ప్రభుత్వ ఆస్పత్రుల్లో 894 మంది గర్భిణులతో జరిగి 2019లో వెలువడిన పరిశోధన, తీవ్రమైన బీపీని నోటితో మింగే మామూలు గోళీలతో కూడా దించవచ్చని చూపించింది. సెలైన్ పెట్టే సదుపాయం లేని చిన్న ఆస్పత్రికి ఇది ఎంత పెద్ద మాట!

ఈ అంకెలన్నీ ఎందుకు రాస్తున్నానంటే, వీటి వెనక ఉన్నది మనలాంటి ఆడవాళ్ళే. నాగపూర్‌లో, బెంగళూరులో తమ ఒంటిని, తమ కడుపులో బిడ్డను నమ్మి అప్పగించిన స్త్రీలు. వాళ్ళు ఇచ్చిన జ్ఞానం పుస్తకాల్లో ఉండిపోయి, తండాలో అమ్మాయికి మంత్రం వేసే ఆయనే దిక్కవుతున్నాడంటే, అడగకుండా ప్రయోగం చేయడం ఎంత అన్యాయమో, చేసిన ప్రయోగం ఫలితాన్ని అందకుండా చేయడమూ అంతే అన్యాయం.

ఇందులో చాలావాటికి కొత్త పరీక్షలు కూడా అక్కర్లేదు. "మీకు ముందు కాన్పులో బీపీ పెరిగిందా? ఫిట్లు వచ్చాయా? షుగర్ ఉందా? కిడ్నీ జబ్బు ఉందా? కవలలా?" అని మూడో నెలలో అడిగితే ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ళు కొందరైనా బయటపడతారు. వాళ్ళకు డాక్టరు ఆస్పిరిన్ రాయవచ్చు. ఎవరికి వాళ్ళు కొనుక్కుని మింగేది మాత్రం కాదు. ఫిట్లు వచ్చిన గర్భిణికి ఏఎన్ఎం మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇచ్చి పంపవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2010 మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ మందు ఉపకేంద్రంలో ఉందా, ఆమెకు శిక్షణ ఉందా అన్నదే ప్రశ్న.

ఒక్క మిషన్ ఇచ్చి చేతులు దులుపుకుంటే కూడా కుదరదు. కర్ణాటకలో బెళగావి, బాగల్‌కోట్ జిల్లాల్లో, పాకిస్తాన్‌లో, మొజాంబిక్‌లో ఆరోగ్య కార్యకర్తలకు బీపీ మిషన్లు, ఫోన్లు ఇచ్చి ఇంటింటికీ పంపిన క్లిప్ పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. మొత్తం మీద మరణాలు, ప్రమాదాలు తగ్గలేదు. ఎనిమిది అంతకంటే ఎక్కువసార్లు కార్యకర్త కలిసిన గర్భిణుల్లో మాత్రం మేలు కనిపించింది. అంటే అప్పుడప్పుడు చూస్తే లాభం లేదు. చూసినవాళ్ళు పంపితే అందుకునే ఆస్పత్రి, అక్కడ మందు, డాక్టరు కూడా ఉండాలి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్, హర్యానా పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులిచ్చి గర్భిణుల రక్తపోటు, రక్తహీనత, షుగర్ పసిగట్టే పద్ధతిని చిన్న ఎత్తున చూశారు. మంచిదే. కాని ఆశా కార్యకర్తకు ట్యాబు ఇచ్చేముందు ఆమె జీతం మాట కూడా ఎత్తాలి.

ఇక మిరప చేలకు వచ్చే కోయ స్త్రీల పరిస్థితి చూడండి. కార్డు ఒకచోట, మనిషి ఇంకోచోట. జబ్బు బయటపడే ఆరో నెల, ఏడో నెల, ఎనిమిదో నెల పరాయి చేను గట్టు మీదే గడిచిపోతాయి. ఆ నెలల్లో ఆమెకు బీపీ చూడవలసిన బాధ్యత ఏ ఉపకేంద్రానిది? ఆమెకు తెలుగు అంతంత మాత్రం. తలనొప్పి, చూపు మసక అన్న మాటలు ఆమె భాషలో చెప్పేదెవరు? రేపు ఏ పరిశోధన వచ్చినా అంగీకారం అడిగేది ఏ భాషలో?

ఇంకో భయం కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. జబ్బు ముదిరినప్పుడు నెలలు నిండకముందే కాన్పు చేయక తప్పదు, అది ప్రాణం కాపాడే పని. కాని ప్రైవేటు ఆస్పత్రుల చేతికి 'ముందే పసిగట్టే' ఖరీదైన పరీక్ష వస్తే, అది భయపెట్టి బిల్లు పెంచడానికీ, అవసరం లేని కోతకూ సాకుగా మారదన్న హామీ ఏది? పట్నంలో డబ్బున్న స్త్రీకి అక్కరకు మించిన పరీక్షలు, తండాలో స్త్రీకి అసలు పరీక్షే లేకపోవడం - రెండూ ఒకే వ్యవస్థ చేస్తున్న పనులే.

అందుకని మనం అడగవలసినవి నాకు ఇలా తోస్తున్నాయి. ప్రతి ఉపకేంద్రంలో పనిచేసే బీపీ మిషన్, మూత్ర పరీక్ష పట్టీలు, మెగ్నీషియం సల్ఫేట్ ఉండాలి. అవి ఉన్నాయో లేదో ఊరి మహిళా సంఘం చూసే హక్కు ఉండాలి. చూసిన ప్రతిసారీ బీపీ ఎంతో గర్భిణికి నోటితో చెప్పాలి. వలస వచ్చిన గర్భిణిని, కార్డు ఉన్నా లేకపోయినా, పని దొరికిన ఊళ్ళోనే చూడాలి. మన ప్రాంతంలో పరిశోధన చేయాలనుకునేవాళ్ళు స్త్రీల భాషలో చెప్పి, వాళ్ళనే అడగాలి. భర్తనో, అత్తనో, వార్డెన్‌నో కాదు. పరిశోధన అయ్యాక ఫలితమేమిటో వచ్చి చెప్పాలి. పనిచేసిందని తేలిన మందు ఆ ఊరి ఆస్పత్రికి వస్తుందని ముందే రాసివ్వాలి.

తండా అమ్మాయి మళ్ళీ నెల తప్పింది. ఈసారి మూడో నెలలోనే ఆమెను వెంటబెట్టుకుని దవాఖానకు వెళ్ళాను. ముందు కాన్పు సంగతంతా డాక్టరుకు ఆమే చెప్పింది. ఆస్పిరిన్, కాల్షియం రాశారు. వెళ్ళిన ప్రతిసారీ పట్టీ చుట్టించుకుని, "ఎంతుంది మేడం?" అని అడిగేది. ఎనిమిదో నెల చివర్లో 150/100 అని చెప్పారు. ఆ రోజే చేర్చుకున్నారు. ఆడపిల్ల పుట్టింది, కొంచెం తక్కువ బరువుతో. ఇద్దరూ బాగున్నారు. కాన్పయినా బీపీ చూపించుకోవడం మానొద్దని చెప్పారు. ఈ జబ్బు వచ్చిన స్త్రీలకు తర్వాతి జీవితంలో గుండెజబ్బు, రక్తపోటు ప్రమాదం ఎక్కువట.

ఇది చదివే అక్కచెల్లెళ్ళు మీ మీ ఊళ్ళలో పది మంది గర్భిణుల కార్డులు అడిగి చూడండి. బీపీ గడిలో ఏముందో చూసి, "చేతికి పట్టీ కట్టారా?" అని అడగండి. వాళ్ళు చెప్పింది రాసి పెట్టుకోండి. వచ్చే సంచికకల్లా అవన్నీ ఒకచోట చేరిస్తే, జిల్లా వైద్యాధికారి ముందు పెట్టడానికి మన దగ్గర ఒక లెక్క ఉంటుంది.